కుక్కపిల్లను కొనాలా, తెచ్చుకోవాలా: నల్లగొండ, పాలమూరు ఇళ్లకు ఒక లెక్క

నల్లగొండలో గానీ పాలమూరులో గానీ ఒక ఇంట్లో కుక్కను పెంచుకుందామన్న మాట వచ్చిందంటే వెంటనే రెండు పక్షాలు తయారవుతాయి. పిల్లలు ఫోన్‌లో చూసిన హస్కీ జాతి కుక్కే కావాలంటారు. పెద్దవాళ్లు "వీధి నిండా కుక్కలుంటే పైసలు పెట్టి కొనుడేంది" అంటారు. ఒకరిది షోకు, ఇంకొకరిది పొదుపు. మధ్యలో ఎవరో ఒకరు మూగజీవానికి నీడ ఇస్తే పుణ్యమని ముక్తాయిస్తారు.

ఈ వాదన ధర దగ్గరే ఆగిపోతుంది. కుక్క మన ఇంట్లో పన్నెండు, పద్నాలుగేళ్లు బతుకుతుంది. అన్నేళ్ల తిండి, టీకాలు, ఒకటి రెండు పెద్ద జబ్బుల ఖర్చు ముందు పిల్ల ధర ఎంతో చిన్నది. తేల్చుకోవలసినవి వేరే ఉన్నాయి. ఆ కుక్క పుట్టిన మొదటి ఎనిమిది వారాలు ఎక్కడ, ఎట్లా గడిచాయి? దాని ఒళ్లు మన ఎండను తట్టుకుంటుందా? రోజూ దానికి మన ఇంట్లో ఎవరు, ఎంత సమయం పెట్టగలరు? ఈ మూడూ వరసగా చూసుకుంటూ పోతే, మొదటిసారి కుక్కను పెంచే ఇంటికి ఏడాది దాటిన, మూడేళ్ల లోపు వయసున్న, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన దేశీ కుక్కే బాగా సరిపోతుందని గట్టిగా చెప్పగలం. ముద్దొచ్చే నెల పిల్లే అన్నిటికన్నా కష్టమైన ఎంపిక. కొన్నదైనా, వీధిలోంచి ఎత్తుకొచ్చినదైనా అంతే.

తల్లి దగ్గర ఎనిమిది వారాలు

పుట్టిన పది, పద్నాలుగు రోజులకు కుక్కపిల్ల కళ్లు తెరుస్తుంది. మూడో వారం నుంచి సుమారు పద్నాలుగో వారం దాకా అది చూసిన మనుషులు, విన్న చప్పుళ్లు, తొక్కిన నేల దానికి జీవితాంతం మామూలు విషయాలైపోతాయి. ఆ కాలంలో చూడనివి తర్వాత భయపెడతాయి. ఆటోకు, హెల్మెట్ పెట్టుకున్న మనిషికి, కర్ర పట్టుకున్న ముసలాయనకు మొరిగి మీదికి పోయే పెద్ద కుక్కల్లో చాలావాటి కథ ఇక్కడే మొదలవుతుంది.

ఇదే వయసులో తోబుట్టువులతో కొట్లాడుతూ పిల్ల ఇంకో సంగతి నేర్చుకుంటుంది. గట్టిగా కొరికితే అవతలి పిల్ల కుయ్యిమని ఆట ఆపేస్తుంది, తల్లి అయితే మూతితో నొక్కి పట్టేస్తుంది. పళ్లు ఎంత గట్టిగా దింపాలో, ఎక్కడ ఆపాలో కుక్కకు అట్లా తెలుస్తుంది. ముప్పై రోజులకే తల్లి నుంచి తీసిన పిల్లకు ఈ చదువు సగంలో ఆగిపోతుంది. అది మన పిల్లల చేతుల్ని రక్తం వచ్చేలా కొరుకుతుంటే "పౌరుషం గల కుక్క" అని మురిసిపోయేవాళ్లున్నారు. దానికి నేర్పాల్సిన తల్లి పక్కన లేకపోవడమే అక్కడ జరిగింది.

మూడోది పాలు. తల్లి ముర్రుపాల నుంచి వచ్చిన రక్షణ ఆరో వారం నుంచి పదహారో వారం మధ్య మెల్లగా తగ్గిపోతుంది. అది ఒంట్లో ఉన్నంతకాలం టీకా మందును కూడా పని చేయనివ్వదు. ఎప్పుడు తగ్గుతుందో ఒక్కో పిల్లకు ఒక్కోలా ఉంటుంది. అందుకే ఒక్క టీకా వేసి ఊరుకోకుండా మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు నిండేదాకా వేస్తారు. "ఒక సూది పడింది, ఇక భయం లేదు" అని అమ్మేవాళ్లు చెప్పే మాట ఇక్కడే తప్పవుతుంది.

అమ్మేచోట జరిగేది

కుక్కల పెంపకం, అమ్మకాలపై కేంద్రం 2017లో నియమాలు తెచ్చింది. బ్రీడర్, అంటే కుక్కల్ని ఈనించి పిల్లల్ని అమ్మేవాడు, రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర నమోదు చేసుకోవాలి. ఎనిమిది వారాల లోపు పిల్లను అమ్మకూడదు. ఆడకుక్కను పద్దెనిమిది నెలలు నిండకుండా కట్టించకూడదు. ఏడాదికి ఒక్క ఈతే, జీవితంలో ఐదు ఈతలకు మించకూడదు. దగ్గరి రక్తసంబంధం ఉన్న కుక్కల్ని కలపకూడదు.

ఇవన్నీ పాటించే బ్రీడర్ ఉంటే ఆయన దగ్గర కొనడంలో తప్పేమీ లేదు. కానీ మన జిల్లాలకు వచ్చే పిల్లల్లో ఎక్కువ భాగం చేతులు మారి వచ్చేవే. ఫోన్‌లో ఫొటో చూపిస్తారు, సగం డబ్బు ముందే వేయించుకుంటారు, పిల్లను అట్టపెట్టెలో పెట్టి బస్టాండ్ దగ్గర అందిస్తారు. ఆ పిల్ల తల్లి ఎవరో కొన్నవాడు ఎప్పటికీ చూడడు. అడగవలసిన మొదటి మాట అదే: "తల్లిని చూపించండి." తల్లి పొదుగు వేలాడుతూ, తన పిల్లల మధ్య నిలబడి కనిపించాలి. ఏ సాకు చెప్పి తప్పించినా అక్కడి నుంచి వచ్చేయడమే మంచిది. ఒకే చోట ఆరేడు జాతుల పిల్లలున్నాయంటే అవి అక్కడ పుట్టినవి కావు.

టీకా పుస్తకాన్ని దగ్గరగా చూడండి. పార్వో, డిస్టెంపర్ వంటి ప్రాణాలు తీసే వైరస్ జబ్బులకు వేసే టీకా రెండు చిన్న సీసాల్లో వస్తుంది. ఒకదాంట్లో తెల్లటి బిళ్లలా గట్టిపడిన పొడి, రెండోదాంట్లో ద్రవం. డాక్టర్ అప్పటికప్పుడు రెండూ కలిపి వేసి, సీసా మీది లేబుల్ ఊడదీసి పుస్తకంలో అంటిస్తారు. దాని మీద బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉంటాయి. పక్కన డాక్టర్ సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. లేబుల్ లేకుండా పెన్నుతో "7 ఇన్ 1 డన్" అని రాసి ఉంటే ఏ టీకా పడలేదనుకుని మళ్లీ మొదలుపెట్టండి. నిజంగా వేసినా, ఆ మందు రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చల్లదనంలో ఉంటేనే పని చేస్తుంది. ఏప్రిల్ ఎండలో ఐస్ లేకుండా జేబులో తెచ్చిన సీసా నీళ్లతో సమానం.

కేసీఐ కాగితం గురించి ఒక మాట. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా పత్రం ఆ కుక్క తాతముత్తాతలెవరో చెబుతుంది. తుంటి కీలు గట్టిగా ఉందా, గుండె బాగుందా అన్నది అందులో ఉండదు. ల్యాబ్రడార్, జర్మన్ షెపర్డ్ లాంటి వాటిలో తుంటి కీలు వదులుగా ఉండే లోపం వంశంలో వస్తుంది. పిల్లగా ఉన్నప్పుడు కనబడదు. ఏడాది, రెండేళ్లకు లేవడానికి ఇబ్బంది పడుతున్నప్పుడు బయటపడుతుంది. తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రేలు అడిగే హక్కు కొనేవాడికి ఉంది. వాటిని ఇవ్వగలిగిన బ్రీడరే పిల్ల కొనదగ్గ బ్రీడర్.

రోహిణి కార్తెలో హస్కీ

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. నల్లగొండలో మే నెలలో పగటి వేడి 44 డిగ్రీలు దాటడం కొత్త కాదు. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పడమే దానికి ఉన్న చల్లదనం. ముక్కు నొక్కేసినట్టుండే పగ్‌కు, బుల్‌డాగ్‌కు ఆ గాలి దారే ఇరుకు. హస్కీకి, సెయింట్ బెర్నార్డ్‌కు మంచు కోసం పెరిగిన రెండు పొరల బొచ్చు. కుక్క మామూలు వేడి 101 నుంచి 102.5 ఫారన్‌హీట్. 106 దాటిందంటే లోపలి అవయవాలు దెబ్బతినడం మొదలవుతుంది. రేకుల షెడ్డు కింద కట్టేసిన కుక్కకు ఆ స్థితి రావడానికి ఒక్క మధ్యాహ్నం, ఒక్క కరెంటు కోత చాలు.

వడదెబ్బ తగిలిన కుక్క విపరీతంగా రొప్పుతుంది, చొంగ చిక్కగా కారుస్తుంది, చిగుళ్లు ముదురు ఎరుపెక్కుతాయి, తూలుతుంది. వెంటనే నీడకు తెచ్చి పొట్ట, గజ్జలు, పాదాలు మామూలు చల్లటి నీళ్లతో తడిపి ఫ్యాన్ పెట్టాలి. ఐసు గడ్డల్లో ముంచితే చర్మం కింది రక్తనాళాలు ముడుచుకుపోయి లోపలి వేడి బయటకు రావడం కష్టమవుతుంది. తడుపుతూనే డాక్టర్ దగ్గరికి బయల్దేరాలి. దేశీ కుక్కకు కూడా వడదెబ్బ తగులుతుంది, కాకపోతే దాని పొట్టి బొచ్చు, పొడుగు మూతి, సన్నటి ఒళ్లు ఈ నేలకు తగ్గట్టు తయారైనవి. అది కూడా మధ్యాహ్నం నీడ వెతుక్కుని మట్టి తవ్వుకుని పడుకుంటుంది. దానికి ఆ నీడ, ఆ మట్టి, ఒక మట్టి తొట్టిలో నీళ్లు దొరికితే చాలు.

నడకకు తీసుకెళ్లేముందు అరచేతి వెనక భాగాన్ని రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించి చూడండి. మనకు కాలితే దాని పాదాలకూ కాలుతుంది.

షెల్టర్ లేని జిల్లాలో దత్తత

హైదరాబాద్‌లో దిక్కులేని జంతువులకు ఆశ్రయమిచ్చే షెల్టర్లు నడిపే బ్లూ క్రాస్ వంటి పాత సంస్థలున్నాయి. అక్కినేని అమల ఆధ్వర్యంలో 1992లో మొదలైన బ్లూ క్రాస్ నుంచి ఎందరో కుక్కల్ని దత్తత తీసుకున్నారు. నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా రాజధాని సుమారు వంద కిలోమీటర్లు. ఒక ఆదివారం పొద్దున పోయి చూసి, ఇంకో ఆదివారం పోయి తెచ్చుకోవడం అయ్యే పనే. చాలామంది అనుకోని సంగతి ఒకటుంది: షెల్టర్లలో దేశీవే కాదు, యజమానులు వదిలేసిన ల్యాబ్‌లు, పగ్‌లు, రాట్‌వైలర్లు కూడా ఉంటాయి. జాతి కుక్క మీదే మనసు ఉన్నవాళ్లు కొనేముందు అక్కడ అడగడం మంచిది.

మంచి షెల్టర్ అడగ్గానే కుక్కను ఇచ్చేయదు. గుర్తింపు కార్డు అడుగుతుంది, సొంతిల్లా అద్దె ఇల్లా, ఇంట్లో ఎవరెవరున్నారు, పగలు ఎవరుంటారు అని అడుగుతుంది. అద్దె ఇల్లయితే ఓనర్ ఒప్పుకున్నాడా అంటుంది. ఒప్పంద పత్రం మీద సంతకం తీసుకుంటుంది. పిల్లనైతే వయసు రాగానే ఆపరేషన్ చేయించాలని, వద్దనుకుంటే తమకే తిరిగి ఇవ్వాలని అందులో ఉంటుంది. ఈ ప్రశ్నలకు చిన్నబుచ్చుకోవలసిన పని లేదు. ఏమీ అడగకుండా ఇచ్చేచోటే జాగ్రత్త పడాలి.

జిల్లాల్లో ఎక్కువగా జరిగేది వేరు. మున్సిపాలిటీ పట్టి ఆపరేషన్ చేసి వదిలే కుక్కలు, కాలనీలో నలుగురూ బువ్వ పెట్టే కుక్కలు, వాటి పిల్లలు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం ఆపరేషన్, రేబిస్ టీకా అయిన కుక్కకు గుర్తుగా చెవి కొస కత్తిరిస్తారు. చెవి చివర కత్తెర గాటు కనిపిస్తే ఆ కుక్కకు ఆపరేషన్ అయిందన్నమాట. కాలనీ వాళ్లకు అలవాటు పడి, ఇంటి ముందు పడుకుని, పిల్లలు పక్కనుంచి పరుగెత్తినా లేవని అలాంటి ఒక కుక్క ఉంటే అంతకన్నా తేలికైన దత్తత లేదు. దాని స్వభావం ఏడాదిగా అందరూ చూసిందే.

దీన్ని వీధి కుక్కల సమస్యకు పరిష్కారంగా మాత్రం చూడకూడదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో కుక్కల దాడిలో నాలుగేళ్ల బాబు చనిపోయాడు. ఏడాది తిరిగేసరికి మహబూబ్‌నగర్ జిల్లా అడ్డాకల్ మండలం పొన్నకల్‌లో సుమారు ఇరవై కుక్కల్ని తుపాకీతో కాల్చి చంపారు. జనం భయం నిజమైనదే, ఆ కాల్పులు మాత్రం నేరం. అడ్డగోలుగా చంపితే ఖాళీ అయిన చోటికి పక్క ఊరి కుక్కలు వస్తాయి, టీకా పడనివి. తగ్గించేది ఆపరేషన్లు, టీకాలు, చెత్తను సరిగ్గా ఎత్తడం. ఒక ప్రాంతంలో 70 శాతం కుక్కలకు టీకా పడితే రేబిస్ గొలుసు తెగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. దత్తత ఒక కుక్కకు, ఒక ఇంటికి మేలు చేస్తుంది. దాని నుంచి అంతే ఆశించాలి.

చిత్త కార్తె లెక్క

పిల్లనే తెచ్చుకుంటామనే వాళ్లకు మన పెద్దల క్యాలెండరే దారి చూపిస్తుంది. కుక్కలు కట్టే కాలానికి చిత్త కార్తె అని ఊరికే అనలేదు. అక్టోబరు మధ్యలో కట్టిన కుక్క 63 రోజులకు, అంటే డిసెంబరు మూడో వారానికి ఈనుతుంది. సంక్రాంతికి పిల్లలు నాలుగు వారాలవి. అప్పుడే గునగునా నడుస్తూ, చూసినవాళ్లందరి మనసూ లాగేస్తాయి. సెలవుల్లో పిల్లలు ఎత్తుకొచ్చేదీ అప్పుడే. ఆగాలి. ఫిబ్రవరి రెండో వారానికి, శివరాత్రికి అటూఇటూగా, ఎనిమిది వారాలు నిండుతాయి. అప్పటిదాకా ఉన్నచోటే తల్లికి తిండి పెట్టండి, చలికి గోనెసంచి వేయండి. పిల్లల్ని రోజూ కాసేపు చేతిలోకి తీసుకోవడానికి తల్లి ఒప్పుకుంటే తీసుకోండి. అది ఆ పిల్లకు మీరిచ్చే గొప్ప చదువు. తల్లి మనుషుల్ని చూసి బెదిరి పళ్లికిలించేదైతే పిల్లలకూ ఆ బెదురు కొంత వస్తుందని గుర్తుంచుకోండి.

అక్కడి నుంచి తేదీలు ఇట్లా పడతాయి. ఎనిమిదో వారం, ఫిబ్రవరి మధ్యలో మొదటి టీకా. పన్నెండో వారం, మార్చి మధ్యలో రెండోది, దాంతోపాటు రేబిస్ టీకా. పదహారో వారం, ఏప్రిల్ రెండో వారానికి మూడోది. రేబిస్ టీకాకు మళ్లీ ఒక బూస్టర్ వేయాలా అన్నది మీ డాక్టర్ చెబుతారు, తర్వాత ఏటా వేయించాలి. నట్టల మందు రెండో వారం నుంచి ఎనిమిదో వారం దాకా పదిహేను రోజులకోసారి, ఆరు నెలలు వచ్చేదాకా నెలకోసారి, ఆ తర్వాత మూడు నెలలకోసారి. పొట్ట డోలులా ఉబ్బి, పక్కటెముకలు తేలిన పిల్లను చూసి "బాగా తిన్నది" అనుకోవద్దు, కడుపు నిండా నట్టలుంటాయి.

మూడో టీకా పడి పది, పదిహేను రోజులయ్యేదాకా ఆ పిల్లను వీధిలో నేల మీద వదలొద్దు. ఎత్తుకుని తిప్పండి. బండ్లు, మైకులు, గొర్రెల మంద, పెళ్లి బ్యాండు, అన్నీ చేతుల్లోంచే చూపించండి. కారణం పార్వో. పిల్ల ముభావంగా పడుకుంటుంది, తిండి మానేస్తుంది, వాంతులు, ఆ వెంటనే ముక్కు బద్దలయ్యే వాసనతో రక్తపు విరేచనాలు. సెలైన్ ఎక్కించి నాలుగైదు రోజులు నిలబెడితే బతికేవి ఉన్నాయి, ఒక్క రోజు ఆలస్యమైతే పోయేవే ఎక్కువ. ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాకా బతుకుతుంది. ఫినాయిల్‌ను నమ్ముకోవద్దు. ఇంట్లో వాడే బ్లీచ్ ద్రావణం ఒక వంతుకు ముప్పై వంతుల నీళ్లు కలిపి, ముందు కడిగి శుభ్రం చేసిన నేల మీద పది నిమిషాలు ఉంచితే చస్తుంది. మట్టి వాకిలికి అది కూడా సరిగ్గా పనిచేయదు. గత ఏడాదిలో పార్వోతో పిల్ల పోయిన ఇల్లయితే మళ్లీ పిల్లను తేవద్దు, టీకాలన్నీ అయిన పెద్ద కుక్కను తెచ్చుకోండి.

ఎంచుకునేటప్పుడు చూసేవి

పై పెదవి ఎత్తి చిగురును చూడండి. గులాబీ రంగులో ఉండాలి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడి రెండు సెకన్లలోపు మళ్లీ రంగు రావాలి. పాలిపోయిన చిగురు అంటే రక్తం తక్కువ. మన దగ్గర దానికి కారణం చాలాసార్లు గోమార్ల జ్వరం, లేదా నట్టలు. చెవి లోపల, కాలి వేళ్ల మధ్య, తోక కింద గోమార్లున్నాయేమో చూడండి. చెవి అంచుల్లో, మోచేతుల మీద బొచ్చు రాలి పొలుసు కడితే గజ్జి కావచ్చు, అది నయమవుతుంది. ఆడకుక్కకు గానీ మగకుక్కకు గానీ మర్మాంగం దగ్గర కాలీఫ్లవర్‌లా గడ్డ, రక్తం చుక్కలు కనిపిస్తే అది కుక్క నుంచి కుక్కకు అంటే కణితి. వారానికోసారి విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ మందు సూది, నాలుగు నుంచి ఆరు వారాలు వేస్తే దాదాపు అన్నీ బాగవుతాయి. ఈ గడ్డను చూసి మంచి కుక్కను వదులుకోనక్కర్లేదు.

స్వభావం తెలియాలంటే ఎదురుగా నిలబడి పిలవకండి. పక్కకు తిరిగి కింద కూర్చోండి, చెయ్యి నేల మీద పెట్టండి. ఒళ్లు వదులుగా పెట్టుకుని తనంతట తను వచ్చి వాసన చూస్తే మంచి గుర్తు. మూలకు పోయి వణికే కుక్కను జాలితో తెచ్చుకుంటే ఓపిక చాలా కావాలి, చిన్న పిల్లలున్న ఇంటికి అది కుదరదు. ఇంట్లోవాళ్లందరూ ఒకసారి చూసి వచ్చాకే నిర్ణయించుకోండి. ముఖ్యంగా పగలు ఇంట్లో ఉండే మనిషి. కుక్క ఆమెదే అవుతుంది, ఎవరు తెచ్చినా సరే.

మొదటి మూడు రోజులు, మూడు వారాలు

వేసవిలో అయితే పొద్దున పదిలోపే ఇంటికి చేర్చండి. పెద్ద కుక్క పారిపోయే ప్రమాదం మొదటి పదిహేను రోజుల్లోనే. వీధిలో పెరిగిన కుక్క మెడపట్టా లోంచి వెనక్కి లాక్కుని తల తప్పించుకోవడంలో దిట్ట. మెడపట్టాకు, మెడకు మధ్య రెండు వేళ్లే పట్టేలా బిగించండి. దానితోపాటు ఛాతీకి హార్నెస్ వేసి రెండింటికీ తాడు తగిలించండి. గేటు కింద సందు కొలవండి: తల దూరితే ఒళ్లు దూరుతుంది. నాలుగు అంగుళాల సందు చిన్న దేశీ కుక్కకు చాలు, ఇటుక వరస పెట్టండి.

మొదటి మూడు రోజులు అది తినకపోవచ్చు, మూలన పడుకోవచ్చు. చుట్టాలను పిలిచి చూపించడం, స్నానం చేయించడం అప్పుడే వద్దు. మెట్ల కింద కాకుండా నడకదారికి పక్కగా, వెనక గోడ ఉన్న మూల ఇవ్వండి. షెల్టర్‌లో ఏం తినేదో అదే పెట్టి వారం రోజుల్లో మెల్లగా మార్చండి. మూడు వారాలకు ఇంటి వేళలు అలవాటవుతాయి, అప్పుడే అసలు అలవాట్లు బయటపడతాయి: చెప్పులు కొరకడం, తిండి దగ్గరికి ఎవరైనా వస్తే గుర్రుమనడం. గుర్రుమంటే కొట్టకండి. గుర్రు అన్నది కాటుకు ముందు అది చెప్పే మాట. కొట్టి ఆ మాట మాన్పిస్తే తర్వాత చెప్పకుండా కరుస్తుంది. గిన్నె లాక్కునే బదులు దూరం నుంచి ఒక మాంసం ముక్క గిన్నెలో వేసి వెళ్లిపోండి. మనిషి వస్తే తిండి పోదు, ఇంకా వస్తుందని దానికి అర్థం కావాలి. మూడు నెలలకు అది మీ ఇంటిదవుతుంది.

గోమార్లు

మన జిల్లాల్లో కుక్కల్ని ఎక్కువగా బాధపెట్టేవి ఇవే. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే తెలియక చేసే వైద్యంతోనే కుక్కలు పోతున్నాయి.

కుక్క మీద కనిపించే గోమార్లు మొత్తంలో కొద్ది భాగమే. మిగతావి గోడ పగుళ్లలో, తలుపు చట్రం వెనక, పైకప్పు అంచుల్లో ఉంటాయి. రక్తం తాగి ఉబ్బిన ఆడ గోమారి కిందపడి గోడెక్కి వేలల్లో గుడ్లు పెడుతుంది. కుక్కకు మందు రాసి గోడ వదిలేస్తే నెలకు మళ్లీ అన్నీ వస్తాయి. పగుళ్లు సిమెంటుతో పూడ్చడం, గోనెసంచులు కాల్చేయడం మందుతో సమానమైన పని. గోమార్లను పట్టకారతో చర్మానికి ఆనించి నేరుగా లాగి సబ్బు నీళ్లలో వేయండి. గోళ్లతో నలపొద్దు.

గొర్రెలు, మేకలున్న ఇళ్లలో నట్టలకు, గోమార్లకు వేసే ఐవర్‌మెక్టిన్ సూది, బర్రెల గోమార్లకు వాడే బ్యూటాక్స్ మందు ఎప్పుడూ చేతికందే దూరంలో ఉంటాయి. ఐవర్‌మెక్టిన్ సూది మందులో ఒక మిల్లీలీటరుకు పది మిల్లీగ్రాములు ఉంటుంది, అది యాభై కిలోల బరువుకు సరిపోయే మోతాదు. మూడు కిలోల కుక్కపిల్లకు "అర సీసీ" వేశారంటే ఎనిమిది రెట్లు ఎక్కువ వేసినట్టు. పిల్ల తూలి, చూపు పోయి, కోమాలోకి పోతుంది. కోలీ వంటి కొన్ని జాతులకు తక్కువ మోతాదే విషం. బ్యూటాక్స్ కలిపి పోసిన నీళ్లను కుక్క నాక్కుంటే చొంగ, వణుకు. ఇంట్లో పిల్లి ఉంటే దానికి ప్రాణాంతకం. నెల పాటో మూడు నెలల పాటో పనిచేసే నమిలే మాత్రలు, మెడ మీద వేసే చుక్కల మందు ఇప్పుడు దొరుకుతున్నాయి. కుక్క బరువు తూచి డాక్టర్ చెప్పిందే వాడండి. ఫిట్స్ వచ్చిన కుక్క అయితే ఆ మాట ముందే చెప్పండి.

గోమార్ల జ్వరం తెలిసిపోయే జబ్బే. తిండి మానడం, జ్వరం, పాలిపోవడం, ముక్కు నుంచి రక్తం, పొట్ట మీద ఎర్రటి చుక్కలు. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి. కుక్కకు రెండు లక్షల పైన ఉండాలి. డాక్సీసైక్లిన్ మాత్రలు సుమారు నాలుగు వారాలు వాడమంటారు. మూడు రోజులకే కుక్క లేచి తిరుగుతుంది, అక్కడే చాలామంది ఆపేస్తారు, నెలకు జబ్బు తిరగబెడుతుంది. దత్తతకు ముందు షెల్టర్‌లో ఒక రక్తపరీక్ష చేయించమని అడగండి. ఆ ఖర్చు మీరే పెట్టుకున్నా మంచిదే.

బువ్వ, నీళ్లు

పదిహేను కిలోల దేశీ కుక్కకు రోజుకు సుమారు 850 కేలరీలు కావాలి. ఉడికిన అన్నం గానీ జొన్న గటక గానీ మూడు వందల గ్రాములు, ఎముక తీసి ఉడికించిన కోడిమాంసం నూట యాభై గ్రాములు, ఒక గుడ్డు, చిన్న కప్పు పెరుగు, గుప్పెడు గుమ్మడి ముక్కలో క్యారెట్టో, చెంచా నూనె. రెండు పూటలుగా పెట్టాలి. ఉప్పు, కారం, మసాలా వద్దు. ఉల్లి, వెల్లుల్లి రక్తకణాలను పగలగొడతాయి, కాబట్టి మన కూర కలిపిన అన్నం పెట్టొద్దు. ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్ అసలే వద్దు. ఉడికిన కోడి ఎముక చీలి గొంతులో, పేగులో గుచ్చుకుంటుంది. ఇంటి తిండిలో కాల్షియం తక్కువ పడుతుంది, ఎదిగే పిల్లకైతే దాని గురించి డాక్టర్‌ను అడగాలి. రోజూ ఉత్త పాలు, అన్నం పెట్టి పెంచిన పిల్లకు కాళ్లు వంకర పోవడం మన ఊళ్లలో చూస్తున్నదే.

మర్రిగూడ, మునుగోడు వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. మనం తాగే మిషన్ భగీరథ నల్లా నీళ్లే దానికీ పోయండి.

కరిస్తే, వదిలేయాలనిపిస్తే

కుక్క కాటుకు చెప్పు దెబ్బ అన్న సామెతను, కాటు మీద కారం, సున్నం, పసరు పెట్టే అలవాటును పక్కన పెట్టాలి. సొంత కుక్క గీరినా సరే, పుండును ధారగా పారే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. గడియారం చూసి కడగండి, పదిహేను నిమిషాలు మనం అనుకున్నదానికన్నా ఎక్కువ సేపు. తర్వాత అదే రోజు ఆస్పత్రికి. రేబిస్ టీకా మొదటి సూది పడిన రోజును 0గా లెక్కేస్తే, కండకు వేసేదైతే 0, 3, 7, 14, 28 రోజుల్లో, చర్మంలో వేసేదైతే 0, 3, 7, 28 రోజుల్లో. రక్తం వచ్చిన కాటైతే పుండు చుట్టూ వెంటనే రక్షణ ఇచ్చే ఇమ్యూనోగ్లోబులిన్ మందు కూడా వేయించమని అడగాలి. ప్రభుత్వ ఆస్పత్రిలో టీకా ఉచితం.

చరిత్ర తెలియని కుక్కను తెచ్చినప్పుడు మొదటి నెలల్లో ఒక సంగతి మీద కన్నుండాలి. రేబిస్ లోపల దాగి వారాలు, నెలలు గడపగలదు, వచ్చిన రోజున వేసిన టీకా అప్పటికే సోకినదాన్ని ఆపలేకపోవచ్చు. అన్ని పిచ్చికుక్కలూ మీదికి రావు. కొన్ని నోరు వేలాడేసి, చొంగ కారుస్తూ, నీళ్లు మింగలేక, గొంతు మారి మూలన కూర్చుంటాయి. గొంతులో ఎముక ఇరుక్కుందనుకుని ఇంట్లోవాళ్లు నోట్లో చెయ్యి పెట్టేది అప్పుడే. పెట్టకండి. గదిలో ఉంచి తలుపేసి పశువైద్యుడిని పిలవండి.

కుదరని కుక్కలు కొన్ని ఉంటాయి. ఇంట్లో చంటిబిడ్డకు పడక, ఓనర్ ఒప్పుకోక, ఉద్యోగం మారి. అప్పుడు తెచ్చిన చోటికే తిరిగి ఇవ్వండి, లేదా మీరే ఇంకో ఇల్లు వెతికి చేర్చండి. ఊరి బయట బైపాస్ దగ్గర దించి రావడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద నేరం. 2025 ఆగస్టు 22 నాటి ఉత్తర్వులో సుప్రీంకోర్టు కూడా దత్తత తీసుకున్న కుక్క మళ్లీ వీధి పాలు కాకుండా చూడడం తీసుకున్నవారి బాధ్యతేనని చెప్పింది. ఇంట్లో తిని పెరిగిన కుక్కకు కొత్త చోటి కుక్కల గుంపును ఎట్లా తప్పించుకోవాలో తెలియదు, వారం తిరక్కుండానే పోతుంది.

ఏటా జులై 6న ప్రపంచ జూనోసిస్ దినం, అంటే జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల గురించిన రోజు. ఆ రోజు ప్రభుత్వ పశువైద్యశాలల్లో కుక్కలకు ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తారు. పొద్దున్నే వెళ్లండి, మధ్యాహ్నానికి వరస పెరుగుతుంది. కుక్కను పొట్టి తాడుతో పట్టుకోండి, టీకా పుస్తకం తీసుకెళ్లండి, సీసా లేబుల్ అందులో అంటించమని అడిగి తెచ్చుకోండి.